గర్భసంచిలో గడ్డ: స్కానింగ్ ఏం చెప్పిద్ది, మనం ఏం అడగాలి

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు లెక్క, బ్యాంకు లింకేజీ లెక్క, స్త్రీనిధి బాకీలు, అన్నీ ఇందాకే చదివారు. నేను చదివేది లెక్క కాదు గానీ, లెక్కల పుస్తకంలో నుంచి పుట్టిన మాటే. మనం అప్పు ఇచ్చేటప్పుడు తీర్మానం పుస్తకంలో కారణం రాస్తాం కదా. గేదె, కుట్టు మిషను, పిల్లల ఫీజు, మిర్చి పెట్టుబడి అని రాస్తాం. ఆరోగ్యం అని రాసినచోట ఏం ఆరోగ్యమో వివరం అడిగితే చాలాసార్లు వచ్చే మాట ఒకటే. "గర్భసంచి తీయించుకోవాలంట." ఎందుకమ్మా అంటే "గడ్డ ఉందంట". ఎవరు చెప్పారంటే "స్కానింగ్‌లో పడిందంట". ఆ స్కానింగ్ కాగితంలో ఏం రాసుందో మాత్రం ఎవరికీ తెలియదు. కవరు విప్పకుండానే బీరువాలో పెట్టేస్తాం.

నేను పదో తరగతి చదివాను. డాక్టర్ని కాదు, నర్సుని కాదు. ఏఎన్‌ఎం అక్క దగ్గరా, గవర్నమెంటు ఆసుపత్రిలో ఓపిగ్గా చెప్పిన ఒక డాక్టరమ్మ దగ్గరా అడిగి తెలుసుకున్న సంగతులు మీకు చెప్తున్నా. ఇది విని మీరే వైద్యం చేసుకోబాకండి. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు నోరు తెరిచి నాలుగు ప్రశ్నలు అడగండి, అంతే. అందుకే ఈ మాటలు.

మన రాష్ట్రంలో ఎందుకింత ఎక్కువ?

ప్రభుత్వం వాళ్ళు దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే చేస్తారు. 2015-16లో చేసిన నాలుగో సర్వేలో మొదటిసారి గర్భసంచి తీయించుకున్నారా అని ఆడవాళ్ళని అడిగారు. 15 నుంచి 49 ఏళ్ల లోపు వాళ్ళలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు అవునన్నారు. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు తొమ్మిది మంది. దేశంలో మనదే మొదటి స్థానం. వరిలోనో మిరపలోనో మొదటి స్థానం వస్తే చప్పట్లు కొట్టుకోవచ్చు. ఇందులో మొదటి స్థానం మనకెందుకు? ఐదేళ్ల తర్వాత చేసిన సర్వేలో కూడా ఆ లెక్క పెద్దగా తగ్గలేదు.

ఇంకొక సంగతి వినండి. దేశంలో తీయించుకున్నవాళ్ళలో సగం మందికి ఆపరేషన్ నాటికి 34 ఏళ్లు కూడా దాటలేదు. ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. 34 ఏళ్లంటే ఏందక్కా? ఈ హాల్లో సగం మంది వయసు. పదహారు పదిహేడేళ్ళకి పెళ్లి చేశారు, ఇరవై రెండుకల్లా ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. ఇక గర్భసంచితో పనేముంది, ఉంటే నొప్పి, పోతే హాయి అనే మాట మన ఇళ్ళలోనే ఉంది. డాక్టరు అనకముందే మనత్తలూ, మన తోడికోడళ్ళూ, మనమూ అంటున్నాం. కూలి పోకుండా ఉండాలి, ముట్టు రోజుల్లో మిరపకాయ కోతకి పోవాలి, వంగి పత్తి తీయాలి. నెలకి వారం రోజులు రక్తం పోతుంటే ఎవరు పనికి పిలుస్తారు? ఆ బాధ అబద్ధం కాదు. కానీ ఆ బాధకి మందు ఏదో తెలియకుండా కోతకి పోవటమే తప్పు.

గడ్డ అంటే ఏంది?

గర్భసంచి అంటే కండతో చేసిన సంచి. బోర్లించిన జామకాయంత ఉంటది. ఆ కండలోనే ఒకచోట కండ ముద్దగా పెరిగితే దాన్ని ఫైబ్రాయిడ్ అంటారు. మనం గడ్డ అంటాం. గడ్డ అనగానే మనకి క్యాన్సరే గుర్తొచ్చిద్ది. అది వేరు, ఇది వేరు. ఫైబ్రాయిడ్ క్యాన్సర్ కాదు. అట్టా కనిపించేవాటిలో క్యాన్సర్ ఉండటం వెయ్యిమందిలో ఒకరికి కూడా అరుదు.

యాభై ఏళ్లు వచ్చేసరికి సగానికి పైగా ఆడవాళ్ళకి చిన్నదో పెద్దదో ఒక గడ్డ ఉంటదని డాక్టర్లు చెప్తారు. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. ఈ హాల్లో వరసగా కూర్చోబెట్టి అందరికీ స్కానింగ్ తీస్తే ఎంతమందికి కనపడిద్దో! అంతమందికీ ఆపరేషన్ కావాలా? అక్కర్లేదు. తల నెరిసిందని ఎవరం ఆసుపత్రిలో చేరం కదా, చిన్న గడ్డ సంగతి కూడా అంతే. ముట్లు ఆగిపోయిన తర్వాత మామూలుగా ఈ గడ్డలు వాటంతటవే కుంచించుకుపోతాయి. ఎందుకంటే వాటికి మేత మన ఒంట్లో ఊరే ఆడ హార్మోన్లే. మేత తగ్గితే అవీ తగ్గుతాయి.

ఎప్పుడు చూపించుకోవాలి మరి? ముట్టు వారం దాటి పోతుంటే, గడ్డలు గడ్డలుగా రక్తం పడుతుంటే, గంటా రెండు గంటలకే గుడ్డ మార్చాల్సి వస్తుంటే, పొత్తికడుపు బరువుగా ఉండి మాటిమాటికీ ఒంటేలుకి పోవాల్సి వస్తుంటే, నడిస్తే ఆయాసం వస్తుంటే, పిల్లలు కాకపోతే. ఇవి ఉన్నప్పుడు చూపించుకోవాలి. తెల్లబట్ట అవుతోందనీ, నడుం నొప్పి అనీ పోతే గర్భసంచి తీసేయాలన్న మాట వచ్చిందంటే అక్కడ ఒక్క నిమిషం ఆగండి. తెల్లబట్టకి చాలాసార్లు కారణం ఇన్‌ఫెక్షన్. దానికి మాత్రలున్నాయి. నడుం నొప్పికి కారణం మనం మోసే బరువులు.

స్కానింగ్ ఎట్టా పనిచేసిద్ది?

మన ఊళ్ళల్లో స్కానింగ్ అంటే కడుపుతో ఉన్నప్పుడు తీసేదనే అనుకుంటాం. ఆ మిషనే ఇది. అందులో కరెంటు షాకు లేదు, ఎక్స్‌రేలో ఉండే కిరణాలు లేవు. చెవికి వినపడని శబ్దం లోపలికి పోయి, తగిలిన చోట నుంచి వెనక్కి వచ్చిద్ది. కొండ దగ్గర కేకేస్తే ప్రతిధ్వని వచ్చినట్టు. వచ్చిన ప్రతిధ్వనిని మిషను బొమ్మగా చూపిచ్చిద్ది. ఎన్నిసార్లు తీయించుకున్నా దీనివల్ల ఒంటికి హాని ఉన్నట్టు తేలలేదు.

ఇది ఎట్టా మొదలైందో చెప్తే మీకు ఆశ్చర్యమేసిద్ది. స్కాట్లాండు దేశంలో గ్లాస్గో అనే ఊళ్ళో ఇయాన్ డొనాల్డ్ అని కాన్పుల డాక్టరు ఉండేవాడు. అక్కడ బాయిలర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉక్కులో పగుళ్ళు కనిపెట్టటానికి శబ్దంతో పనిచేసే మిషను వాడేవాళ్ళు. ఉక్కులో పగులు చూపించే మిషను కడుపులో గడ్డని చూపించదా అని ఆయనకి ఆలోచన వచ్చింది. 1955లో ఆపరేషన్లలో తీసిన ఫైబ్రాయిడ్ గడ్డల్ని, నీటి గడ్డల్ని కారు డిక్కీలో వేసుకుని ఆ ఫ్యాక్టరీకి పోయి మిషను పెట్టి చూశాడు. కండగడ్డ ఒక రకంగా, నీటిగడ్డ ఇంకో రకంగా కనపడ్డాయి. 1958లో ఆ సంగతి ప్రపంచానికి రాసి చెప్పాడు. ఆ రోజుల్లోనే ఒకావిడకి నయం కాని క్యాన్సరని అందరూ ఆశ వదులుకుంటే, ఈ మిషను పెట్టి చూసి అది అండాశయంలో పెరిగిన పెద్ద నీటిగడ్డ అని తేల్చారు. ఆపరేషన్ చేసి అది తీసేస్తే ఆమె బతికింది.

ఇది ఎందుకు చెప్పానంటే, స్కానింగ్ పుట్టిందే అది ఏం గడ్డో తేల్చటానికి. భయపెట్టటానికి కాదు. కాగితం చేతికొచ్చిన తర్వాత భయం పెరిగిందంటే మనకి ఎవరూ దాన్ని వివరించలేదని అర్థం.

స్కానింగ్ రెండు రకాలు. పొట్ట మీద జెల్ రాసి తీసేది ఒకటి. దీనికి ఒంటేలు నిండుగా ఉండాలి. గంట ముందు నాలుగైదు గ్లాసుల నీళ్ళు తాగి ఆపుకోవాలి. ఎందుకంటే నిండిన మూత్రసంచి గర్భసంచికి కిటికీ లాంటిది, దాని వెనక ఉన్నది బాగా కనపడిద్ది. రెండోది లోపల నుంచి తీసేది. సన్నటి కర్రలాంటి దానికి తొడుగు వేసి యోని దారిలో పెట్టి చూస్తారు. దీనికి ఒంటేలుకి పోయి రావాలి. చిన్న గడ్డలు, లోపలి పొర ఇందులో బాగా తెలుస్తాయి. పెళ్లి కాని పిల్లలకి ఇది చెయ్యరు, పొట్ట మీద నుంచే తీస్తారు. లోపల నుంచి తీసేటప్పుడు పక్కన ఆడమనిషి ఉండాలని అడిగే హక్కు మనకుంది. సిగ్గుపడి ఇంకోరోజు వస్తానని వెనక్కి రాబాకండి. ముందే ఏం చేస్తారో చెప్పమనండి. మామూలుగా నొప్పి ఉండదు, కొంచెం ఇబ్బందిగా ఉంటది. వీలైతే ముట్టు అయిపోయిన వెంటనే వచ్చే నాలుగైదు రోజుల్లో తీయించుకుంటే లోపలి పొర సరిగ్గా తెలిసిద్ది. రక్తం ఆగకుండా పోతుంటే మాత్రం రోజు చూసుకోవక్కర్లేదు, వెంటనే పోవాలి.

స్కానింగ్ సెంటరుకి పోతే గోడకి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తగిలించి ఉందో లేదో చూడండి. లింగ నిర్ధారణ నిషేధించే 1994 చట్టం కింద ప్రతి సెంటరూ రిజిస్టర్ అయ్యుండాలి. తీసిన తర్వాత సంతకం ఉన్న రిపోర్టు, ఫిల్ము మీ చేతికి తీసుకోండి. ఆ కాగితం మీది. ఆసుపత్రి వాళ్ళ దగ్గరే ఉంచి రాబాకండి.

రిపోర్టులో ఐదు సంగతులు

రిపోర్టు ఇంగ్లీషులో ఉంటది. మన పిల్లలు ఇంటరు, డిగ్రీ చదువుతున్నారు, వాళ్ళ చేత చదివించుకోండి. ఈ ఐదూ వెతకమని చెప్పండి.

మొదటిది, గర్భసంచి కొలత. అందరి రిపోర్టులోనూ ముందు అదే ఉంటది. సుమారు 8 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు, 4 మందం ఉండొచ్చు, పిల్లల్ని కన్నవాళ్ళకి కాస్త ఎక్కువ ఉంటది. ఒక చెల్లెలు ఈ ఎనిమిది అంకె చూసి "నాకు ఎనిమిది సెంటీమీటర్ల గడ్డ ఉందక్కా" అని ఏడ్చింది. అది గడ్డ కొలత కాదు, సంచి కొలత.

రెండోది, గడ్డ కొలత, ఎన్ని గడ్డలు. కొలత మిల్లీమీటర్లలో రాశారా, సెంటీమీటర్లలో రాశారా చూడాలి. 20 మిల్లీమీటర్లు అంటే 2 సెంటీమీటర్లే. అంటే రేగిపండంత. 5 సెంటీమీటర్లు నిమ్మకాయంత. 8, 10 అంటే బత్తాయంత. "బల్కీ యుటెరస్" అని రాస్తే సంచి కొంచెం లావుగా ఉందని అర్థం. అదొక్కటే రాసి ఉంటే రోగం కాదు, తీసేయటానికి కారణమూ కాదు. డాక్టరు చేత్తో చూసి "పన్నెండు వారాల సైజు" అంటే భయపడబాకండి. మూడో నెల కడుపు ఎంత ఉంటదో అంత ఎదిగిందని కొలత చెప్తున్నారు.

మూడోది, గడ్డ ఉన్న చోటు. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఇల్లు అనుకోండి. గోడకి బయటవైపు పెరిగితే సబ్‌సిరోసల్. గోడ లోపలే ఉంటే ఇంట్రామ్యూరల్. గోడ దాటి గదిలోకి పొడుచుకొస్తే సబ్‌మ్యూకోసల్. గోడ బయట ఉన్న గడ్డ నిమ్మకాయంత ఉన్నా రక్తం పోకపోవచ్చు. గదిలోకి వచ్చింది రేగిపండంత ఉన్నా ముట్టు ముట్టుకీ రక్తం ధారగా పోవచ్చు. అందుకే "ఎంత ఉంది" అని ఒక్కటే అడిగితే సరిపోదు, "ఎక్కడ ఉంది" అని అడగండి.

నాలుగోది, లోపలి పొర మందం. ఎండోమెట్రియమ్ అని రాస్తారు. ముట్లు వస్తున్నవాళ్ళకి ఇది నెలలో రోజుని బట్టి పెరిగిద్ది, తగ్గిద్ది. ముట్లు ఆగిపోయి ఏడాది దాటిన తర్వాత మళ్ళీ రక్తం కనపడితే మాత్రం ఈ అంకె చాలా ముఖ్యం. 4 మిల్లీమీటర్లు దాటి ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. అక్కలారా, పెద్దమ్మలారా, ముట్లు ఆగాక ఒక్క చుక్క కనపడినా "మళ్ళీ వయసొచ్చింది" అని నవ్వుకుని ఊరుకోబాకండి. అది చూపించుకోవాల్సిందే.

ఐదోది, అండాశయాలు. ఓవరీస్ అని రాస్తారు. వాటిలో నీటి బుడగలు ఉన్నాయని రాస్తే ఉలిక్కిపడబాకండి. నెలనెలా అండం తయారయ్యేది అట్టాంటి బుడగలోనే. రెండు సెంటీమీటర్ల బుడగ మామూలు సంగతి. చాలావరకు రెండు మూడు నెలల్లో అదే పోయిద్ది. గర్భసంచి మూతి దగ్గర "నెబోథియన్ సిస్ట్" అని రాస్తే అది కూడా హాని లేనిదే.

స్కానింగ్ చెప్పలేనివి

స్కానింగ్ గొప్పదే గానీ సర్వం దానికి తెలియదు. ఎంత రక్తం పోయిందో అది చెప్పదు, దానికి హిమోగ్లోబిన్ పరీక్ష కావాలి. ఆడవాళ్ళకి 12 ఉండాలి. 8 కంటే తగ్గితే చాలా తక్కువ, 7 లోపైతే ప్రమాదం. గర్భసంచి మూతి క్యాన్సర్‌ని స్కానింగ్ మొదట్లో కనిపెట్టలేదు, దానికి వేరే పరీక్ష ఉంది. మన ఆరోగ్య కేంద్రంలో అడగండి. లావుగా ఉన్నవాళ్ళకి, గడ్డలు చాలా ఉన్నవాళ్ళకి బొమ్మ స్పష్టంగా రాకపోతే ఎమ్మారై రాయొచ్చు. అందరికీ అక్కర్లేదు. అన్నిటికంటే, మీకు ఎంత బాధ ఉందో స్కానింగ్‌కి తెలియదు. అది మీరే చెప్పాలి. ఎన్ని రోజులు పోతోంది, రోజుకి ఎన్ని గుడ్డలు మారుస్తున్నారు, గడ్డలు పడుతున్నాయా, ఇవి మూడు నెలలు క్యాలెండరు మీద గీతలు గీసి తీసుకుపోండి. ఆ క్యాలెండరు, రక్తపరీక్ష, స్కానింగ్, ఈ మూడూ పక్కపక్కన పెడితేనే సంగతి తేలిద్ది.

ఉన్న దారులు

బాధ లేని చిన్న గడ్డకి మందు అక్కర్లేదు. ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ స్కానింగ్ తీసి పెరిగిందేమో చూస్తే చాలు. రక్తం ఎక్కువ పోతుంటే ముట్టు రోజుల్లో వేసుకునే మాత్రలున్నాయి, దాంతోపాటు ఐరన్ మాత్రలు. గర్భసంచిలో పెట్టే హార్మోన్ కాయిల్ ఉంది, ఐదేళ్ల దాకా పనిచేసిద్ది, కొందరికి రక్తం బాగా తగ్గిద్ది. గడ్డ ఉన్న చోటుని బట్టి ఎవరికి పనికొచ్చిద్దో డాక్టరు చెప్పాలి. పిల్లలు కావాల్సినవాళ్ళకి సంచిని ఉంచి గడ్డని మాత్రమే తీసే ఆపరేషన్ ఉంది. గదిలోకి పెరిగిన చిన్న గడ్డనైతే కోత లేకుండా కింద నుంచే తీయొచ్చు. ఇవేవీ పనిచేయనప్పుడు, గడ్డ చాలా పెద్దదైనప్పుడు, క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు గర్భసంచి తీయటం సరైన వైద్యమే.

ఇది కూడా గట్టిగా చెప్పాలి. ఎందుకంటే నా మాటలు విని రేపు ఎవరైనా కావాల్సిన ఆపరేషన్ మానుకుంటే అది పెద్ద ప్రమాదం. మా పక్క ఊరి అక్క ఒకామె, 46 ఏళ్లు, మూడేళ్లు స్కానింగ్‌కి పోలేదు. ముట్లు ఆగే వయసు కదా, ఇట్టాగే ఉంటదిలే అనుకుంది. మిరప కల్లంలో కళ్ళు తిరిగి పడిపోతే తీసుకుపోయారు. హిమోగ్లోబిన్ 5. కడుపులో బత్తాయంత గడ్డలు మూడు. రక్తం ఎక్కించి, నిలబెట్టి, తర్వాత గర్భసంచి తీశారు. ఇప్పుడు ఆమె బాగుంది. ఆమెకి ఆ ఆపరేషన్ ప్రాణం పోసింది. మూడేళ్లు ముందు పోతే మాత్రలతో సరిపోయేదో ఏమో.

ఇంకో చెల్లెలు, 33 ఏళ్లు. ముట్టు ఎక్కువ పోతోందని పోతే ఒక ప్రైవేటు చోట స్కానింగ్ తీసి, పది రోజుల్లో తీయకపోతే క్యాన్సర్ అయిద్దని, 45 వేలు అయిద్దని చెప్పారు. సంఘంలో అప్పుకి అర్జీ పెట్టింది. మేము కాగితం చదివిస్తే గోడ బయట 18 మిల్లీమీటర్ల గడ్డ ఒకటి అని ఉంది. రక్తపరీక్ష అసలు చేయించలేదు. వీఓఏ తోడుపోయి గవర్నమెంటు ఆసుపత్రిలో చూపిస్తే హిమోగ్లోబిన్ 7.8, థైరాయిడ్ తేడాగా ఉంది. ఆ చిన్న గడ్డకీ రక్తం పోవటానికీ సంబంధం లేదన్నారు. మాత్రలతో నాలుగు నెలలకి ముట్టు దారిలో పడింది. అప్పు అర్జీ ఆమే వెనక్కి తీసుకుంది. ఇద్దరికీ గడ్డే. ఒకరికి కోత కావాలి, ఇంకొకరికి మాత్రలు కావాలి. తేడా తెలిసింది కాగితం చదివితేనే.

ఆపరేషన్ తప్పదన్నప్పుడు ఒకటి తప్పకుండా అడగండి. "అండాశయాలు కూడా తీస్తారా? ఎందుకు?" చిన్న వయసులో రెండు అండాశయాలూ తీసేస్తే మర్నాటి నుంచే ముట్లు ఆగిన ముసలివాళ్ళ ఒళ్ళు అయిద్ది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవటం, ఎముకలు పెళుసుబారటం, గుండెజబ్బు ముప్పు పెరగటం. అవి ఉంచినా కొందరికి రెండు మూడేళ్లు ముందుగా ఆగిపోవచ్చు. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు బరువు ఎత్తకూడదు. ఆ ఆరు వారాల కూలి కూడా ఖర్చు కింద లెక్క రాసుకోండి.

కోర్టు ఏం చెప్పింది

మన బాధ మనొక్కళ్ళదే కాదు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ రాష్ట్రాల్లో పేద ఆడవాళ్ళకి అవసరం లేకపోయినా ఇన్సూరెన్సు డబ్బుల కోసం గర్భసంచులు తీస్తున్నారని డాక్టర్ నరేంద్ర గుప్తా అనే ఆయన 2013లో సుప్రీంకోర్టుకి పోయారు. పదేళ్ల తర్వాత 2023 ఏప్రిల్ 5న తీర్పు వచ్చింది. అనవసరంగా గర్భసంచి తీయకుండా కేంద్ర ఆరోగ్య శాఖ తయారుచేసిన మార్గదర్శకాల్ని మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని చెప్పింది. జిల్లా, రాష్ట్ర, దేశ స్థాయిలో కమిటీలు ఉండి ఈ ఆపరేషన్ల మీద కన్నేసి ఉంచాలని ఆ మార్గదర్శకాల్లో ఉంది. మన పల్నాడు జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. జిల్లా కేంద్రం నరసరావుపేటకి పోయి మన జిల్లా కమిటీలో ఎవరున్నారు, ఏం చూస్తున్నారని సమాఖ్య తరఫున అడగటం మన పని.

డాక్టర్లందరూ చెడ్డవాళ్ళని నేను అనటం లేదు. మనకి మంచి చెప్పింది కూడా డాక్టర్లే. కానీ మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి పోవాలంటే వంద కిలోమీటర్ల పైన. రోజు కూలి పోయిద్ది, తోడు మనిషి కావాలి. అందుకే ఊళ్ళో ఆర్‌ఎంపీ ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి పోతాం. ఆయన చూపించిన చోటే స్కానింగ్, అక్కడే ఆపరేషన్. రెండో మాట వినే అవకాశమే లేదు. ఆ అవకాశం కల్పించటం సంఘం చేయగల పని.

మన ముందున్న తీర్మానం

ఆరోగ్య ఉపసంఘం మీ ముందు పెడుతున్నది ఇది. గర్భసంచి ఆపరేషన్‌కి అప్పు అడిగిన సభ్యురాలి దగ్గర ముందు స్కానింగ్ రిపోర్టు, హిమోగ్లోబిన్ కాగితం ఉన్నాయో లేదో చూద్దాం. లేకపోతే అవి చేయించుకోవటానికి చిన్న అప్పు అదే రోజు ఇద్దాం. నరసరావుపేట ఏరియా ఆసుపత్రిలోనో గుంటూరు జీజీహెచ్‌లోనో రెండో డాక్టరు మాట విన్న తర్వాత ఆపరేషన్ అప్పు ఇద్దాం. తోడుపోయే మనిషి బస్సు ఛార్జీ గ్రామైక్య సంఘం భరించాలి. ఆపరేషన్ కావాలని తేలితే ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు మీద అయిద్దేమో ఆరోగ్యమిత్రని అడుగుదాం, 104కి ఫోన్ చేసి కనుక్కుందాం. అప్పు చేయకుండా అయ్యే పనికి అప్పెందుకు?

దీని మీద గ్రామైక్య సంఘాల సమావేశాల్లో వాదన జరిగింది. ఒక అక్క అడిగింది, "మా ఒంటి సంగతి మేం చూసుకుంటాం, సంఘానికి రిపోర్టు చూపించాల్సిన ఖర్మేంటి?" అని. ఆమె అడిగిందాంట్లో న్యాయం ఉంది. అందుకే మార్పు చేశాం. రిపోర్టు అందరి ముందూ చదవకూడదు. సభ్యురాలు ఎంచుకున్న ఒక్క మనిషి, వీఓఏనో ఏఎన్‌ఎంనో చూస్తే చాలు. పుస్తకంలో "ఆరోగ్యం" అని మాత్రమే రాయాలి. రెండో మాట విన్నాక ఆమె ఏ నిర్ణయం తీసుకున్నా అప్పు ఆపకూడదు. ఒళ్ళు ఆమెది, నిర్ణయం ఆమెది. రక్తం ఆగకుండా పోతున్నా, కళ్ళు తిరుగుతున్నా ఈ నియమాలేవీ లేవు. ముందు 108, తర్వాత కాగితాలు.

పల్నాడులో పుట్టినవాళ్ళం. నాయకురాలు నాగమ్మ రాజ్యం నడిపిన నేల మీద ఉండి, మన ఒంట్లో ఏముందో అడగటానికి జంకితే ఎట్టా? ఇంటికి పోయాక బీరువాలో ఉన్న పాత రిపోర్టులు తీయండి. ఆ ఐదు సంగతులు వెతకండి. అర్థం కాకపోతే వచ్చే నెల సమావేశానికి ఏఎన్‌ఎం అక్కని పిలుస్తున్నాం, పట్టుకురండి.

తీర్మానం మీద చేతులెత్తే ముందు ఎవరికైనా అనుమానాలుంటే ఇప్పుడే అడగండి. సెలవు.